కొమ్ము పురుగు మైటోజీనోమ్: రింగు మూసుకోవట్లేదు, ఎవరైనా చెప్పండి ప్లీజ్

మొవ్వు_పిల్ల | రాత్రి 11:18

అందరికీ నమస్తే. ఇక్కడ చాన్నాళ్ళుగా చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇవాళ గతిలేక రాస్తున్నా. పీహెచ్‌డీ రెండో ఏడు. సబ్జెక్టు కొబ్బరి కొమ్ము పురుగు, సైన్సు పేరు ఒరిక్టిస్ రైనోసెరస్. పురుగు మా నాన్న తోటలోదే, అమలాపురం దగ్గర, ఎర బకెట్లో పడ్డ ఆడది. దాని మైటోకాండ్రియల్ జీనోమ్ (మైటోకాండ్రియాకి ఉండే సొంత డీఎన్ఏ, రింగులా గుండ్రంగా ఉంటుంది) మొత్తం చదివి మిగతా దేశాల పురుగులతో పోల్చి చూద్దామని ప్లాన్.

ఇల్యూమినా రీడ్స్ (ఆ మెషీన్ చదివిచ్చిన డీఎన్ఏ ముక్కలు) ఉన్నాయి, 150 బేస్‌లవి, అంటే 150 అక్షరాలవి, జతలు. వాటిని అతికించే గెట్‌ఆర్గనెల్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఒకటే కాంటిగ్ (అతికిన పొడుగు ముక్క), 14,700 బేస్‌లు అటూఇటూగా. 37 జీన్లూ ఉన్నాయి, ప్రోటీన్‌వి 13, టీఆర్ఎన్ఏలు 22, ఆర్ఆర్ఎన్ఏలు 2. అక్కడిదాకా పండగే. కానీ రింగు మూసుకోదు. 12ఎస్ అనే ఆర్ఆర్ఎన్ఏ జీన్ దాటగానే తెగిపోతుంది, అటు చివర నుంచి వచ్చినా అక్కడికే వచ్చి ఆగుతుంది. మూడు వారాల నుంచి కే-మెర్ సైజు (అతికించేటప్పుడు పోల్చి చూసే ముక్క పొడవు) మార్చి మార్చి వేస్తున్నా, ఒకసారి కాస్త పెరుగుతుంది, ఇంకోసారి తరుగుతుంది, అంతే.

రెండో తలనొప్పి, జీన్లని ప్రోటీన్‌లోకి ట్రాన్స్‌లేట్ చేస్తే మధ్య మధ్యలో స్టాప్‌లు, అంటే ప్రోటీన్ ఇక్కడితో ఆపెయ్ అనే గుర్తులు. మూడోది, నాడ్2 జీన్ ముందు మూడు టీఆర్ఎన్ఏలు ఐ, క్యూ, ఎం అనే వరసలో ఉండాలి కదా, నాకు క్యూ ముందొచ్చి తర్వాత ఐ వచ్చింది. అసెంబ్లీయే తప్పేమో అని భయంగా ఉంది.

మా ల్యాబ్ సీనియర్ ఒకాయన "ఆ గ్యాప్‌లో ఓ వంద ఎన్‌లు (తెలియని అక్షరానికి పెట్టే గుర్తు) పెట్టి రెండు చివరలూ అతికించేయ్, కంప్లీట్ అని జెన్‌బ్యాంక్‌లో (డీఎన్ఏల డేటాబేస్) పెట్టేయ్, ఎవడు చూస్తాడు" అంటున్నాడు. నాకు మనసొప్పట్లేదు, కానీ గైడ్ గారికి నెలాఖరుకి చూపించాలి.

నానోపోర్_నాని | రాత్రి 11:40

ఎన్‌లు పెట్టకు. ముందు అది చెప్పి తర్వాత మిగతాది చెప్తా. ఎన్‌లు పెట్టి కంప్లీట్ అని రాయడమంటే కొబ్బరికాయ సగం చిప్ప తెచ్చి కాయ ఇచ్చానని చెప్పడమే.

స్టాప్‌ల సంగతి నాకు న్యూమ్ట్ వాసన వస్తోంది. అంటే మైటోకాండ్రియా ముక్కలు ఎప్పుడో న్యూక్లియస్ డీఎన్ఏలోకి దూరి అక్కడ పాడైపోయి పడుంటాయి, అవి నీ అసెంబ్లీలో కలిసి ఉంటాయి. కవరేజ్, అంటే ఒక్కో అక్షరాన్ని ఎన్ని రీడ్స్ చదివాయో, ఎంత?

పాత_ల్యాబ్_పంతులు | రాత్రి 11:52

నాని, నువ్వు ఎప్పుడూ పెద్ద రోగం ముందు చెప్తావు, జలుబుందేమో చూడవు. అమ్మాయీ, ట్రాన్స్‌లేట్ చేసేప్పుడు జెనెటిక్ కోడ్ టేబుల్ ఏది పెట్టావు?

మొవ్వు_పిల్ల | రాత్రి 11:55

...డీఫాల్ట్ సార్.

పాత_ల్యాబ్_పంతులు | రాత్రి 12:04

అదీ సంగతి. డీఫాల్ట్ అంటే స్టాండర్డ్ కోడ్, న్యూక్లియస్ జీన్లకి. పురుగుల మైటోకాండ్రియా అయిదో నంబర్ టేబుల్‌తో చదవాలి. టీజీఏ మామూలుగా స్టాప్, ఇక్కడ ట్రిప్టోఫాన్. ఏటీఏ ఇక్కడ మెథయొనిన్. ఏజీఏ, ఏజీజీ రెండూ సెరీన్. నీ స్టాప్‌లన్నీ టీజీఏలే అయ్యుంటాయి, పందెం కాస్తా.

ఇంకోటి ఇప్పుడే చెప్పి పెడతాను, రేపు ఎలాగూ అడుగుతావు. కొన్ని జీన్లకి చివర పూర్తి స్టాప్ ఉండదు, ఉత్త టీ గానీ టీఏ గానీ ఉంటుంది. కంగారుపడి పక్కనున్న టీఆర్ఎన్ఏలోకి జీన్ని సాగదీయకు. ఆర్ఎన్ఏ కోశాక చివర ఏ-ల తోక అతుక్కుంటుంది, ఆ ఏ-లతో టీ కాస్తా టీఏఏ అయిపోతుంది. ప్రకృతి పొదుపు, మా అమ్మ సబ్బు ముక్క అరిగిపోయాక కొత్త సబ్బుకి అతికించినట్టు.

మొవ్వు_పిల్ల | రాత్రి 12:21

సార్ మీకు పాదాభివందనం. అయిదో టేబుల్ పెట్టగానే 13 జీన్లూ శుభ్రంగా తెరుచుకున్నాయి. ఒక్క స్టాప్ లేదు. మూడు వారాలు సార్, మూడు వారాలు, అసెంబ్లీయే తప్పేమో అనుకుంటూ కూర్చున్నా.

నానోపోర్_నాని | రాత్రి 12:25

సరే ఒప్పుకున్నా, జలుబే. కానీ కవరేజ్ గ్రాఫ్ మాత్రం ఎలాగూ చూసుకో. ఒక్కో కణంలో మైటోకాండ్రియాలు వందలు వేలు ఉంటాయి కాబట్టి వాటి కవరేజ్ న్యూక్లియస్ కంటే చాలా ఎత్తులో ఉండాలి, ఎక్కడైనా గొయ్యి పడిందంటే అక్కడ అనుమానించు.

ఇక రింగు. నీ 14,700 చూడగానే ఏదో గుర్తొచ్చి వెతికా. ఇదే పురుగు మైటోజీనోమ్ 2021లో పీర్‌జే పత్రికలో వచ్చింది, సాలమన్ దీవుల్లో గ్వాడల్‌కెనాల్‌లో ఎర బకెట్లో పడ్డ ఆడ పురుగుది. మొత్తం పొడవు 20,898. అందులో జీన్లు లేని చోటు, కంట్రోల్ రీజియన్ అంటారు, అదొక్కటే 6,204. తీసెయ్ చూద్దాం.

మొవ్వు_పిల్ల | రాత్రి 12:27

14,694!!!

నానోపోర్_నాని | రాత్రి 12:29

అంటే నీ దగ్గర కంట్రోల్ రీజియన్ తప్ప మిగతా అంతా ఉన్నట్టే. నీ అసెంబ్లీ తప్పు కాదు, నీ రీడ్సే పొట్టివి. పడుకో ఇంక.

చదువరి_సుబ్బి | ఉదయం 7:10

పొద్దున్నే చదివా, సగం అర్థమైంది సగం కాలేదు. నేను బయాలజీ ఇంటర్‌తో ఆపేశా, బ్యాంకులో పని. రీడ్స్ పొట్టివైతే ఏంటి, ఎక్కువ తీస్తే సరిపోదా?

నానోపోర్_నాని | ఉదయం 7:48

సుబ్బి గారూ, మీరు అలిపిరి మెట్లెక్కుతూ గోవిందా గోవిందా అనుకుంటూ పోతున్నారనుకోండి. ఎవరో మొత్తం రికార్డు చేసి ఆ టేపుని రెండేసి సెకన్ల ముక్కలుగా కోసి బస్తాలో పోసి మీకిచ్చారు. ప్రతి ముక్కలోనూ "గోవిందా" అనే ఉంటుంది. మీరు ఎన్నిసార్లు అన్నారో చెప్పండి? లక్ష ముక్కలిచ్చినా చెప్పలేరు. కానీ ఒకే ఒక్క ముక్క, అలిపిరి దగ్గర మొదలై గాలిగోపురం దాకా తెగకుండా ఉన్నది ఇస్తే కూర్చుని లెక్కపెట్టేస్తారు.

కంట్రోల్ రీజియన్లో అదే గోల. జీన్లు ఉండవు, ఏ-లు టీ-లు ఎక్కువ, అదే ముక్క మళ్ళీ మళ్ళీ వస్తుంటుంది. 150 బేస్‌ల రీడ్ అక్కడ మునిగిపోతుంది. నానోపోర్ రీడ్ అయితే వేల బేస్‌లు ఒకేసారి చదువుతుంది, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి.

చదువరి_సుబ్బి | ఉదయం 8:02

భలే. మరి జీన్లే లేని చోటు కోసం ఇంత గొడవెందుకు, వదిలేస్తే పోలా?

పాత_ల్యాబ్_పంతులు | ఉదయం 9:15

చాలామంది అలాగే వదిలేస్తారు, జెన్‌బ్యాంక్‌లో పెంకుపురుగుల మైటోజీనోమ్‌లు బోలెడు "పార్షియల్" అని ఉండేది అందుకే. తప్పు కాదది, నిజాయితీగా రాస్తే. కానీ డీఎన్ఏ కాపీ అవ్వడం, ఆర్ఎన్ఏ తయారవడం రెండింటికీ తాళంచెవి ఆ చోటే. ఈ కొమ్ము పురుగులో అయితే కంట్రోల్ రీజియన్లో కూడా మూడు చోట్ల ఆర్ఎన్ఏ తయారవుతున్నట్టు ఆ 2021 బృందం చూసింది, ఎందుకన్నది వేరే కథ.

కొంచెం పాత ముచ్చట. మనిషి మైటోజీనోమ్ 1981లో వచ్చింది, 16,569 బేస్‌లు. 1985లో డ్రోసోఫిలా యకూబా ఈగది, 16,019. పెంకుపురుగుల్లో మన గోధుమపిండిలో, రవ్వలో తిరిగే ఎర్రటి పిండి పురుగు ట్రైబోలియం ఉందే, దానిది 2003లో, 15,881. వాటి పక్కన ఈ 20,898 చూడండి, జీన్ల సంఖ్య అదే 37, పొడవంతా ఆ ఖాళీ జాగాదే. మా రోజుల్లో ఒక ప్రైమర్ (చదవడం ఎక్కడ మొదలవ్వాలో చెప్పే చిన్న డీఎన్ఏ ముక్క) వేసి 600 బేస్‌లు చదివి, దాని చివర ఇంకో ప్రైమర్ డిజైన్ చేసి, ఆర్డర్ పెట్టి, పదిహేను రోజులు ఎదురుచూసి మళ్ళీ 600. రింగు చుట్టూ కాలినడకన ప్రదక్షిణం. ఇప్పుడు ఏడుస్తున్నారు మూడు వారాలని.

అంబాజీపేట_తోట | ఉదయం 10:30

ఏవండీ, నేను రైతునండి, మా అబ్బాయి ఈ చర్చ పంపాడు, మా పురుగు గురించే ఏదో రాస్తున్నారని. మీరు రింగులూ కోడులూ బాగానే ఉన్నాయి, కానీ ఆయ్, ఈ పురుగు ఏం చేస్తుందో ఇందులో ఎవరికైనా తెలుసా అసలు? మొవ్వులోకి దూరి విచ్చుకోని ఆకుని నమిలేస్తదండి, ఆ ఆకు విచ్చుకున్నాక కత్తెర్లతో కోసినట్టు వీ ఆకారంలో ఉంటది, దూరం నుంచే చెప్పేయొచ్చు. నేను ఇనుప చువ్వకి చివర కొక్కెం వేయించాను, ఆ నమిలిన పీచు బయటికొస్తున్న కన్నం చూసి లోపలికి పోనిస్తే గుచ్చుకుని బయటికొస్తది, వచ్చేటప్పుడు "కీస్ కీస్" మని అరుస్తదండి. మొక్క తోటైతే చచ్చే ఊరుకుంటది. పెద్ద చెట్టైతే ఆ కన్నంలోంచి ఎర్రముక్కు పురుగు దూరిపోద్ది, అదింకా పెద్ద రోగం.

ఇంతకీ మీరు ఆ డీఎన్ఏ చదివితే నా చెట్టుకి ఏంటండి లాభం?

మొవ్వు_పిల్ల | ఉదయం 11:20

బాబాయ్ గారూ, మా నాన్న కూడా ఇదే అడుగుతాడు, అన్నం తినేటప్పుడు. నాకు తోచినంత చెప్తా.

ఈ పురుగు మనవైపుదే, దక్షిణాసియా, ఆగ్నేయాసియాలది. 1909లో శ్రీలంక నుంచి రబ్బరు మొక్కలతో పాటు సమోవా దీవులకి పోయింది, అక్కడ దీనికి శత్రువులెవరూ లేరు, పసిఫిక్ అంతా పాకేసింది. 1963లో మలేషియాలో దీనికి జబ్బు చేసే వైరస్ ఒకటి దొరికింది, నూడీవైరస్ అంటారు. దాన్ని తీసుకెళ్ళి సమోవాలో వదిలితే పురుగు తగ్గింది, మన దగ్గర కూడా లక్షదీవుల్లో మినికాయ్‌లో వదిలారు. దశాబ్దాలు నడిచింది. 2007లో గువామ్ దీవిలో మళ్ళీ లేచింది, ఈసారి ఆ పాత వైరస్‌కి లొంగలేదు. 2013లో హవాయి. ఈ కొత్త రకాన్ని గువామ్ రకం, జీ అంటున్నారు.

చూడ్డానికి రెండు రకాలూ ఒకటే, కొమ్ము కూడా ఒకేలా. తేడా కనిపించేది మైటోకాండ్రియాలో కాక్స్1 జీన్లో ఒక్క అక్షరం దగ్గర. పీసీఆర్ చేసి, అంటే ఆ ముక్కకి బోలెడు కాపీలు తీసి, ఎంఎస్ఈ-1 అనే ఎంజైమ్‌తో కోస్తే పాతది ఒకచోట తెగుతుంది, జీ రకం అక్కడ తెగదు. రేపు ఏ ఓడరేవులోనో ఒక పురుగు దొరికితే ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడానికి ఆ ఒక్క అక్షరం చాలదు, మొత్తం 20 వేల అక్షరాలుంటే ఇంకా గుర్తులు దొరుకుతాయి. మన కోనసీమ పురుగుది కూడా అందులో చేరాలనే నా ఆశ.

పాత_ల్యాబ్_పంతులు | ఉదయం 11:45

బాగా చెప్పావు కానీ ఒక చిన్న హెచ్చరిక. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. జీ రకం తల్లికి, పాత రకం తండ్రికి పుట్టిన పిల్ల కూడా నీ టెస్టులో జీ అనే పడుతుంది, న్యూక్లియస్ మాత్రం సగం సగం. వైరస్‌కి లొంగకపోవడమనే గుణం కాక్స్1 అక్షరంలో లేదు. అది ఇంటిపేరు లాంటిది, ఇంటిపేరు చూసి మనిషి గుణం చెప్పలేం. థీసిస్‌లో "ఈ పురుగు వైరస్‌ని తట్టుకుంటుంది" అని మైటోకాండ్రియా చూసి రాశావో, వైవాలో నిన్ను ఎవరూ కాపాడలేరు.

అంబాజీపేట_తోట | మధ్యాహ్నం 12:10

ఇంటిపేరు మాట బాగుందండి, అర్థమైంది. అంటే ఇప్పటికైతే నాకు చువ్వే గతి. పెంటకుప్పలో పెద్ద పెద్ద తెల్ల పురుగులు దీని పిల్లలే కదా, వాటికైతే మా ఊరి పరిశోధన స్థానం వాళ్ళు ఆకుపచ్చ బూజు, మెటారైజియం, ఇస్తారు, కుప్పలో కలిపితే చచ్చి పచ్చగా బూజు పట్టి కనిపిస్తాయి. ఆకుల మొదళ్ళలో నాఫ్తలీన్ గోళీలు పెట్టి ఇసకేస్తాం. అది కూడా పనిచేస్తదండి కొంత.

పీసీఆర్_ఓరుగల్లు | మధ్యాహ్నం 1:35

అక్కా, నానోపోర్ ఫ్లోసెల్‌కి (ఆ మెషీన్ల పెట్టే చిప్) పైసలు లేకపోతే ముందుగాల లాంగ్ పీసీఆర్ (పొడుగు ముక్కల పీసీఆర్) చేసి సూడు. ఒక ప్రైమర్ 12ఎస్ లోపల, ఇంకోటి నాడ్2 లోపల పెట్టు, మధ్యల ఉన్న గ్యాప్ మొత్తం దాంట్లనే వస్తది. నీ క్యూ-ఐ పంచాయితీ గూడ అందులనే తేలుతది.

ఒక ముచ్చట యాదికి పెట్టుకో, ఎక్స్‌టెన్షన్ (ఎంజైమ్ కాపీ చేసే దశ) 72 డిగ్రీలు పెట్టకు. ఏ-టీలు ఎక్కువున్న కాడ 72కి తంతులు విడిపోతయి, ఎంజైమ్ మధ్యలనే జారిపడ్తది. 60-65కి దించు, టైం ఎక్కువియ్యి. నేను గిట్లనే నెల రోజులు జెల్ మీద ఉత్త పొగ చూసిన, ల్యాడర్ (పొడవు కొలిచే గీతలు) మాత్రం మస్తు కనపడేది.

నానోపోర్_నాని | మధ్యాహ్నం 2:05

ఓరుగల్లు అన్న కరెక్ట్. క్యూ-ఐ గురించి నిన్న రాయడం మర్చిపోయా, సాలమన్ దీవుల పురుగులో కూడా ఆ రెండూ తారుమారే. తప్పు కాదు, నిజంగానే స్థానాలు మారాయి. అంటే నీ షార్ట్ రీడ్స్ ఆ విషయం సొంతంగా పట్టుకున్నాయి, నువ్వేమో దాన్ని చూసి భయపడ్డావు.

లాంగ్ రీడ్స్ వచ్చాక ఫ్లై అనే అసెంబ్లర్‌లో వెయ్యి, వాళ్ళూ అదే వాడారు. ఒకే అక్షరం వరసగా ఏడెనిమిది సార్లొస్తే నానోపోర్ లెక్క తప్పుతుంది, ఏఏఏఏఏఏఏ ఉంటే ఆరో ఎనిమిదో అంటుంది. అందుకే నీ ఇల్యూమినా రీడ్స్ పారేయకు, పైలాన్‌తో దిద్దడానికి అవే కావాలి. పొడవు లాంగ్ రీడ్స్ చూసుకుంటాయి, అక్షరాలు షార్ట్ రీడ్స్ చూసుకుంటాయి. రింగు అయ్యాక రింగుని వేరే చోట తెంచి, ఆ కొత్త అతుకు మీద రీడ్స్ దాటుతున్నాయో లేదో చూడు. కొన్నిసార్లు అసెంబ్లర్ చివర్లని రెండుసార్లు రాసి రింగయిందని అబద్ధం చెప్తుంది.

డీఎన్ఏ ఎందులోంచి తీశావు?

మొవ్వు_పిల్ల | మధ్యాహ్నం 2:30

మొదటిసారి పొట్ట కోసి తీశా అన్నా. సగం పైన బ్యాక్టీరియా రీడ్సే, పురుగు తిన్నదంతా సీక్వెన్స్ చేశా, ఆ డబ్బు మట్టిపాలు. రెండోసారి కాళ్ళు, ఛాతీ కండ. కాలు విరిచి పెంకు చీలిస్తే లోపల తెల్లగా ఉడకబెట్టిన పీతకాలు మాంసంలా ఉంటుంది, చిన్న చిమటాతో లాగితే పోగులు పోగులుగా వస్తుంది. అది బాగా వచ్చింది, చల్లటి ఆల్కహాల్ పోస్తే ట్యూబ్‌లో జిగురు తీగలా తేలింది. పైపెట్‌తో కొట్టకుండా టిప్ కొస కోసి మెల్లగా తీశా, పొడుగు తెగిపోకూడదని ఇక్కడే ఎవరో రాశారు.

ఇంకా ఫ్రీజర్లో ఉంది అది.

పీసీఆర్_ఓరుగల్లు | మధ్యాహ్నం 2:41

ఇంకేంది మరి, చెయ్యి.

మొవ్వు_పిల్ల | పదకొండు రోజుల తర్వాత, రాత్రి 9:05

అప్‌డేట్. లాంగ్ పీసీఆర్ మొదటి రెండుసార్లు ఏం లేదు. మూడోసారి ఎక్స్‌టెన్షన్ 62కి దించి రాత్రంతా వదిలేశా. పొద్దున జెల్ చూస్తే ల్యాడర్‌లో 6 వేల గీతకీ 8 వేల గీతకీ మధ్య ఒకే ఒక్క బ్యాండ్. నేను యూవీ రూమ్‌లోనే గెంతేశా. పక్క ల్యాబ్ వాళ్ళకి ఒక నానోపోర్ ఫ్లోసెల్‌లో కొంచెం ప్రాణం మిగిలి ఉంటే బతిమాలి దాంట్లో వేయించా, ఈ ముక్కనీ, మొత్తం డీఎన్ఏనీ రెండూ. ఫ్లై రింగు అని రాసింది. నాని అన్న చెప్పినట్టు కాక్స్1 మధ్యలో తెంచి మళ్ళీ చూశా, అతుకు మీదుగా రీడ్స్ దాటుతున్నాయి. పాలిషింగ్ నడుస్తోంది, అది అయ్యేదాకా పొడవు చెప్పను, దిష్టి.

సీనియర్‌కి చూపిస్తే "నేను అప్పుడే చెప్పా కదా అవుతుందని" అన్నాడు.

నానోపోర్_నాని | రాత్రి 9:11

హహహ. ప్రతి ల్యాబ్‌లో ఒకడుంటాడు.

పాత_ల్యాబ్_పంతులు | రాత్రి 9:30

సంతోషం తల్లీ. మిగిలిన పురుగు ఒంటిని పారేయకు. పిన్ను గుచ్చి, ఎక్కడ ఏ తేదీన దొరికిందో చీటీ రాసి భద్రపరిచి, ఆ నంబర్ జెన్‌బ్యాంక్ రికార్డులో ఇవ్వు. రేపెవరైనా ఇది అసలు ఏ పురుగని అడిగితే చూపించడానికి ఒళ్ళుండాలి. పెట్టెలో నాఫ్తలీన్ గోళీ వేయడం మర్చిపోకు, చచ్చిన పురుగుని తినే పురుగులు వేరే ఉంటాయి.

అంబాజీపేట_తోట | రాత్రి 9:52

బతికున్నప్పుడూ నాఫ్తలీనే, చచ్చాకా నాఫ్తలీనేనా దానికి, పాపం.

అమ్మాయ్, ఒక్క పురుగుతో సరిపోద్దా? నా బకెట్లో నిన్న మూడు పడ్డాయి, రెండు ఆడవి ఒకటి మగది. ఎవరైనా వస్తుంటే పంపుతాను. ఆల్కహాల్లో వేయాలంటారు కదా, ఇంట్లో బ్రాందీ సీసా ఉంది, అందులో వేసెయ్యనా?

మొవ్వు_పిల్ల | రాత్రి 9:58

బ్రాందీ వద్దు బాబాయ్! అందులో సగానికి పైగా నీళ్ళే, లోపల కుళ్ళిపోతాయి. నాకు 95 శాతంది కావాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే స్పిరిట్ కూడా వద్దు, ఫార్మలిన్ అసలే వద్దు. ఏం చేయకుండా డబ్బాలో కాస్త కొబ్బరిపీచు వేసి, మూతకి కన్నాలు పెట్టి బతికున్నవే ఉంచండి. ఆదివారం నాన్న అటొస్తాడు, ట్యూబులిచ్చి పంపుతా.

అంబాజీపేట_తోట | రాత్రి 10:03

అలాగేలే. సీసా మిగిలింది.